నల్లతోళ్ల వెంట పసిఫిక్ దాకా
(రష్యా: విస్తరణ కథ – నాలుగో భాగం)

కిందటి భాగాన్ని 1556 దగ్గర ఆపాం. ఇవాన్ భయంకరుడు 1552లో కజాన్ కోట గోడల కింద తుపాకిమందు పెట్టి పేల్చాడు. నాలుగేళ్లకు అస్త్రాఖాన్ కూడా అతని వశమైంది. వోల్గా నది పుట్టిన చోటి నుంచి కాస్పియన్‌లో కలిసే చోటి దాకా మాస్కో సొత్తయింది. సుమారు తొంభై ఏళ్ల ముందు ఇదే నదిలో అస్త్రాఖాన్ దగ్గర తాతార్ల చేతిలో సరుకు పోగొట్టుకున్న అఫనాసీ నికితిన్ గుర్తున్నాడు కదా? త్వేర్ పట్టణపు వర్తకుడు, తిరిగి తిరిగి బహమనీల బీదర్ దాకా వచ్చినవాడు. అతని మనవలు బతికి ఉంటే ఇప్పుడు ఆ దారిన నిశ్చింతగా పడవ నడుపుకోవచ్చు.

ఇంత గెలిచిన రాజు తర్వాత ఎటు తిరుగుతాడు? పడమటికి తిరిగాడు. బాల్టిక్ తీరంలో ఒక రేవు దొరికితే యూరప్‌తో నేరుగా వ్యాపారం చేయొచ్చని ఇవాన్ 1558లో లివోనియా మీదికి దండెత్తాడు. పోలండు, లిథువేనియా, స్వీడన్ ఒకదాని వెనక ఒకటి అడ్డం వచ్చాయి. పాతికేళ్లు ఖజానా కరిగింది, పల్లెలు పాడుబడ్డాయి. చివరికి 1581లో నార్వా రేవును కూడా స్వీడన్ లాగేసుకుంది. మాస్కో చేతికి బాల్టిక్‌లో చెప్పుకోదగ్గ రేవు మిగల్లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, జారుకు తెలియకుండా, తూర్పున ఉరల్ కొండల అవతల ఇంకో యుద్ధం మొదలైంది. దాన్ని మొదలుపెట్టింది ఉప్పు వర్తకులు.

ఉప్పు దొరలు

స్త్రోగనోవ్ కుటుంబం ఉత్తరాన సోల్విచెగోద్‌స్క్‌లో ఉప్పు వండేది. భూమిలోంచి ఉప్పునీరు పైకి తోడి, పెద్ద పెద్ద ఇనప బాణళ్లలో కాచి ఆవిరి చేసేవారు. ఏడాదిలో సగం మంచు కింద గడిపే దేశంలో చేపా మాంసమూ నిలవ ఉండాలంటే ఉప్పు తప్పదు కాబట్టి పెద్దాయన అనికా స్త్రోగనోవ్ బాగా గడించాడు. ఉప్పుతో పాటు తోళ్ల వ్యాపారమూ చేతిలో ఉంది. 1558లో, అంటే లివోనియా యుద్ధం మొదలైన ఏడే, అనికా కొడుకు గ్రిగోరీ జారు దగ్గర ఒక పట్టా సంపాదించాడు. కామా నది ఒడ్డున ఉన్న విశాలమైన ఖాళీ భూములు వాళ్లవి. ఇరవై ఏళ్లు పన్ను లేదు. కోటలు కట్టుకోవచ్చు, ఫిరంగులు పెట్టుకోవచ్చు, సొంత సైన్యాన్ని జీతానికి పెట్టుకోవచ్చు.

ఆ భూములు నిజంగా ఖాళీ ఏమీ కాదు. మాన్సీ, కోమీ జనాలు అక్కడ వేటాడుతూ బతుకుతున్నారు. పట్టాలో వాళ్ల ప్రస్తావన అక్కర్లేదనుకున్నారు. 1574లో ఇంకో పట్టా వచ్చింది. ఈసారి ఉరల్ అవతల తోబోల్ నది ఒడ్డున కూడా కోటలు కట్టుకోమన్నారు. ఆ నేల జారుది కానే కాదు. తనది కాని భూమిని తన ప్రజలకు దానమిచ్చాడన్న మాట.

రాజు పత్రం చేతబట్టుకుని, సొంత ఖర్చుతో సైన్యం మేపుకుంటూ, పరాయి భూముల్లో లాభం వెతికిన వర్తకులు అనగానే మనకు ఈస్టిండియా కంపెనీ గుర్తొస్తుంది. లండన్‌లో ఆ కంపెనీకి రాణి పత్రం అందింది 1600లో. స్త్రోగనోవ్‌లు అంతకు నలభై రెండేళ్లు ముందున్నారు.

తోబోల్, ఇర్తిష్ నదుల సీమ సిబిర్ ఖానేటుది. 1563లో పాత పాలకుడు యాదిగార్‌ను చంపి గద్దెనెక్కిన కుచుమ్ ఖాన్ చెంగిజ్ ఖాన్ వంశంవాడు. యాదిగార్ మాస్కోకు తోళ్లు కప్పం కట్టడానికి ఒప్పుకున్నాడు. కుచుమ్ దాన్ని ఆపేశాడు. 1573లో అతని బంధువు మమెత్‌కుల్ ఉరల్ దాటి స్త్రోగనోవ్‌ల సీమ మీద పడ్డాడు, మాస్కో దూత ప్రాణం కూడా ఆ దాడిలోనే పోయింది. స్త్రోగనోవ్‌లకు ఇప్పుడు కత్తి పట్టే మనుషులు కావాలి. పెద్దగా ప్రశ్నలడగని మనుషులైతే మరీ మంచిది.

ఎర్మాక్

కొసాక్కులు అలాంటి మనుషులే. దొరల పొలాల నుంచి పారిపోయిన రైతులు, అప్పులవాళ్లు, నేరస్థులు దక్షిణ మైదానాల్లో చేరి గుంపులు కట్టారు. కొందరు జారు కొలువులో సరిహద్దు కాసేవారు, కొందరు వోల్గా మీద పడవలు దోచేవారు. ఒక్కోసారి ఏడాదిలో సగం అదీ సగం ఇదీ చేసేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల నాయకుల్లో ఒకడు ఎర్మాక్ తిమొఫేయెవిచ్. ఎక్కడ పుట్టాడో, ఎవరి బిడ్డో చెప్పే కథలు చాలా ఉన్నాయి, ఒకదానితో ఒకటి పొసగవు.

పాత వృత్తాంతాల ప్రకారం ఎర్మాక్ దండు 540 మంది కొసాక్కులు, వాళ్లకు తోడు స్త్రోగనోవ్‌లు ఇచ్చిన 300 మంది. మొత్తం 840. మధ్య ఉరల్ పెద్ద ఎత్తయిన కొండలు కావు. చుసోవయా నది మీదుగా వెళ్లినంత దూరం వెళ్లి, పడవలను భుజాల మీదా దుంగల మీదా గట్టు దాటించి, అవతలి వైపు నీళ్లలో దించారు. 1582 అక్టోబరులో ఇర్తిష్ ఒడ్డున చువాష్ గుట్ట దగ్గర కుచుమ్ సైన్యం ఎదురైంది. కుచుమ్ దగ్గర మనుషులు చాలా ఎక్కువ, కాని వాళ్ల చేతుల్లో విల్లంబులు. కొసాక్కుల దగ్గర తుపాకులున్నాయి. అప్పటికే చూపు మందగించిన కుచుమ్ గుట్ట మీద కూర్చుని ఆ చప్పుళ్లు విన్నాడు. బలవంతాన పిలిపించిన ఖాంతీ, మాన్సీ యోధులు ముందు తప్పుకున్నారు. ఖాన్ రాజధాని ఇస్కెర్ కొన్నాళ్లలోనే ఖాళీ అయింది. మన దగ్గర అప్పటికి మహమ్మద్ కులీ కుతుబ్ షా గోల్కొండ గద్దె ఎక్కి రెండేళ్లు. చార్మినార్ ఇంకా లేదు.

ఈ విజయానికి మాస్కోలో జరిగిన మొదటి సత్కారం తిట్లు. ఎర్మాక్ దండు ఉరల్ దాటిన సమయంలోనే ఉరల్ అవతలి పెలిమ్ దొర ఇవతలి చెర్దిన్ సీమ మీద దాడి చేశాడు. ఆ వార్త విన్న ఇవాన్, 1582 నవంబరు 16న స్త్రోగనోవ్‌లకు కోపంగా ఉత్తరం రాయించాడు. వోల్గా దొంగలను పిలిపించుకుని సిబిర్ రాజుతో లేని తగాదా తెచ్చారు, ఆ కొసాక్కులను వెనక్కి పంపకపోతే మీ సంగతి చూస్తాను అని దాని సారాంశం. ఇస్కెర్ పడిపోయి మూడు వారాలైంది. మాస్కోకు ఆ కబురు ఇంకా చేరలేదు. కొన్ని నెలలకు ఎర్మాక్ సహచరుడు ఇవాన్ కోల్త్సో మాస్కోలో దిగాడు. ఇతని తల మీద అంతకు ముందే మరణశిక్ష ఉంది. అయితే వట్టి చేతులతో రాలేదు, బళ్ల నిండా సేబుల్ తోళ్లు తెచ్చాడు. కోపం కాస్తా బహుమతులైంది.

ఇక్కడ కథ ముగించేస్తే రష్యన్ పాఠ్యపుస్తకాల్లో ఉన్నట్టే ఉంటుంది. నిజానికి ఎర్మాక్ ఓడిపోయాడు. కోల్త్సోను ఒక తాతార్ పెద్ద స్నేహం నటించి పిలిచి చంపించాడు. మాస్కో పంపిన మూడు వందల మంది సహాయక దళం తిండి తెచ్చుకోకుండా వచ్చింది, వాళ్లలో చాలామంది చలికాలంలో ఆకలితో పోయారు. 1585 ఆగస్టులో ఒక వాన రాత్రి కుచుమ్ మనుషులు ఎర్మాక్ విడిది మీద పడ్డారు. పడవ అందుకోబోయి అతను ఇర్తిష్‌లో మునిగిపోయాడు. జారు కానుకగా ఇచ్చిన ఇనప కవచం బరువుకే మునిగాడని జనం చెప్పుకున్నారు. మిగిలిన కొద్దిమంది ఉరల్ దాటి వెనక్కి పారిపోయారు. 1895లో సూరికోవ్ గీసిన ‘ఎర్మాక్ సైబీరియా విజయం’ చాలా పెద్ద బొమ్మ, చూడదగ్గది. అందులో ఈ చివరి అంకం లేదు.

సైబీరియాను నిజంగా గెలిచింది ఆ తర్వాత గొడ్డళ్లతో వచ్చినవాళ్లు. ఎర్మాక్ చనిపోయిన మరుసటి ఏడు, 1586లో ఒక సర్కారు దళం వచ్చి త్యుమెన్ దగ్గర చెక్క కోట కట్టింది. 1587లో ఇస్కెర్‌కు దగ్గర్లోనే తోబోల్‌స్క్ లేచింది. కుచుమ్ మైదానాల్లోకి పోయి ఇంకో పదేళ్లు పోరాడాడు. 1598లో ఓబ్ ఒడ్డున జరిగిన చివరి పోరులో అతని కుటుంబంలో చాలామంది పట్టుబడ్డారు. వాళ్లను మాస్కో తీసుకెళ్లి జనానికి చూపించారు. ముసలి ఖాన్ మాత్రం తప్పించుకుని ఎక్కడో దిక్కులేకుండా పోయాడు.

ఒక చిన్న జంతువు

ఇంత దూరం, ఇంత చలిలోకి, ఇన్ని ప్రాణాలొడ్డి వాళ్లను లాగింది సేబుల్. పిల్లి కంటే చిన్నది, అడవిలో చెట్ల మీదా వేళ్ల సందుల్లోనూ తిరుగుతుంది. చలికాలంలో దాని బొచ్చు నల్లగా, ఒత్తుగా, పట్టులా అవుతుంది. యూరప్ రాజులకూ, తుర్కీ సుల్తాన్లకూ, ఇరాన్ షాలకూ అది హోదా గుర్తు. పడమటి రష్యా అడవుల్లో వేటాడి వేటాడి అప్పటికే దాన్ని కరువు చేశారు. ఉరల్ అవతల లెక్కలేనన్ని ఉన్నాయి.

ఇంకో కారణం ఖజానాలో ఉంది. ఆనాటి రష్యాలో చెప్పుకోదగ్గ వెండి గనులు లేవు. విదేశీ నాణేలు తెప్పించి, కరిగించి, సొంత ముద్ర వేసుకునేవారు. ఆ వెండి రావాలంటే విదేశీయులు డబ్బిచ్చి కొనే సరుకు ఉండాలి. అర్హంగెల్‌స్క్ రేవులో దిగే ఇంగ్లీషువాళ్లూ డచ్చివాళ్లూ కొనేవాటిలో తోళ్లు ముఖ్యం. సేనానికి బహుమానం తోళ్లు, దూతకు కానుక తోళ్లు, మఠానికి దానం తోళ్లు. 1595లో తుర్కులతో పోరాడుతున్న పవిత్ర రోమన్ చక్రవర్తి రుడాల్ఫ్‌కు సాయంగా సైన్యం పంపలేక మాస్కో ప్రాగ్‌కు తోళ్లు పంపింది. 40,360 సేబుళ్లు, 3,37,235 ఉడుత తోళ్లు, ఇంకా మార్టెన్లు, నక్కలు, బీవర్లు. వాటిని పరిచి చూపించడానికి రాజభవనంలో ఇరవై గదులు పట్టాయట. సిబిర్ రాజధాని దగ్గర మొదటి కోట కట్టి అప్పటికి ఎనిమిదేళ్లే.

వేటగాడికి మిగిలేదెంత? 1620ల నాటి ఒక లెక్క ప్రకారం రెండు మేలురకం నల్లనక్క తోళ్లు అమ్ముకున్నవాడు పొలం, ఇల్లు, గుర్రాలు, పశువులు, గొర్రెలు, కోళ్లు కొనుక్కున్నా ఇంకా సగం సొమ్ము చేతిలో ఉండేది. అందుకే ఒక్కో నదీ లోయలో సేబుల్ అయిపోగానే గుంపులు గుంపులుగా తర్వాతి లోయలోకి నడిచారు. తూర్పుకు ఎంత దూరం పోవాలో మాస్కోలో ఎవరూ నిర్ణయించలేదు. వేట తగ్గిన కొద్దీ హద్దు దానంతటదే జరిగింది.

నదులు సాయపడ్డాయి. మన గోదావరీ కృష్ణా తూర్పుకు పారి జనమున్న డెల్టాలు చేరితే, ఓబ్, యెనిసెయ్, లేనా మూడూ ఉత్తరానికి పారి మంచు సముద్రంలో కలుస్తాయి. ఓడ వ్యాపారానికి పనికిరాని దిక్కు అది. కాని వాటి ఉపనదులు అడ్డంగా, తూర్పు పడమరలుగా చేతులు చాచుకుని ఉన్నాయి. ఒక నది ఉపనది మొదటికీ పక్క నది ఉపనది మొదటికీ మధ్య కొద్ది దూరం నేల. అక్కడ పడవను ఈడ్చుకుపోతే చాలు, ఇంకో వెయ్యి మైళ్లు నీటి దారి దొరుకుతుంది. ఆ ఈడ్పు దారి దగ్గర ఒక కోట కడితే వెళ్లేవాడూ వచ్చేవాడూ కళ్లముందే. 1604లో తోమ్‌స్క్, 1619లో యెనిసెయ్‌స్క్, 1628లో క్రాస్నోయార్‌స్క్, 1632లో లేనా ఒడ్డున యాకూత్‌స్క్. 1639లో ఇవాన్ మోస్క్విటిన్ అనే కొసాక్కు నలభై మందికి మించని దండుతో ఒహోత్‌స్క్ సముద్రపు ఒడ్డు చేరాడు. అది పసిఫిక్ మహాసముద్రపు అంచు.

ఇస్కెర్ పడినప్పటి నుంచి లెక్కిస్తే యాభై ఏడేళ్లు. అదే 1639లో కోరమాండల్ తీరంలో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర ఫ్రాన్సిస్ డే మద్రాసపట్నం దానపత్రం తీసుకున్నాడు. ఇటు ఒక తెలుగు నాయకుడి ఇసుక తీరంలో ఇంగ్లీషు కంపెనీ కోటకు పునాది పడుతుంటే అటు పసిఫిక్ ఒడ్డున కొసాక్కులు చెట్లు కొడుతున్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

కోట లోపల

ఈ కోటల పేరు ఓస్త్రోగ్. అంటే నిలువుగా పాతిన దుంగల గోడ, మూలల్లో బురుజులు. లోపల ఒక చర్చి, ధాన్యం కొట్టు, తోళ్ల కొట్టు, సుంకం ఠాణా, గవర్నరు ఇల్లు, స్థానికుల నుంచి తెచ్చిన బందీల కొట్టం. వెలుపల కొన్ని గుడిసెలు. పంట పండని నేల కాబట్టి రై గింజలు, పిండి, ఉప్పు ఉరల్ అవతలి నుంచి రావాలి. కొసాక్కు జీతంలో కొంత డబ్బు, కొంత ధాన్యం, కొంత ఉప్పు. పడవ ఒక్క నెల ఆలస్యమై నది గడ్డకడితే ఆ చలికాలం కోటకు చెట్ల బెరడూ ఎండు చేపలే దిక్కు. రష్యన్ ఆడవాళ్లు చాలా తక్కువ. కొసాక్కులు స్థానిక స్త్రీలను పెళ్లాడారు, కొన్నారు, ఎత్తుకొచ్చారు కూడా. చర్చి పెద్దలు దీని మీద మాస్కోకు ఫిర్యాదులు రాస్తూనే ఉన్నారు.

వేటగాళ్లు జట్లుగా అడవిలోకి పోయేవారు. పిండి, ఉచ్చులు, వలలు, కుక్కలు, ఒక కుండ. చలికాలమంతా గుడిసెల్లో గడిపి వసంతంలో తిరిగొచ్చి తోళ్లు పంచుకునేవారు. సుంకం ఠాణాలో పదింట ఒకటి సర్కారుది. మేలైనవి ముందుగా సర్కారే ఏరుకుంటుంది.

గవర్నర్ల సంగతి వేరు. రెండు మూడేళ్ల కోసం వచ్చేవారు. మాస్కో నుంచి మూడు వేల మైళ్ల దూరంలో ఇతనే రాజు, ఇతనే న్యాయస్థానం. జీతం కోసం ఎవరూ రాలేదు. అది మాస్కోకూ తెలుసు. అందుకే తిరుగు ప్రయాణంలో ఉరల్ గట్టు మీది వెర్హోతూర్యే ఠాణాలో సామానంతా వెతకాలని ఆజ్ఞలుండేవి. పెట్టెలు, పరుపులు, దిండ్లు, సారాయి పీపాలు, ఆఖరికి కాల్చిన రొట్టెల లోపల కూడా చూడమన్నారు. అయినా తోళ్లు దాటిపోయాయి. ఎంతకీ తగ్గకపోయేసరికి 1721లో జారు పీటర్ సైబీరియా మొత్తానికి మొదటి గవర్నరు మత్వేయ్ గగారిన్‌ను సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉరితీయించాడు. తర్వాతి గవర్నర్లు జాగ్రత్తపడ్డారు గాని మానలేదు.

మాస్కోను విదేశీయుల భయం కూడా వెన్నాడేది. ఆర్కిటిక్ అంచున తాజ్ నది మీద మంగజేయా అనే పట్టణం 1601లో పుట్టి తోళ్ల సంతగా వెలిగింది. తెల్ల సముద్రం నుంచి తీరం వెంట ఓడల్లో అక్కడికి రావచ్చు. మనవాళ్లు రాగలిగితే ఇంగ్లీషువాళ్లూ, డచ్చివాళ్లూ రాగలరు కదా, వాళ్లకు సుంకం ఠాణా అక్కర్లేదు కదా అని మాస్కో భయపడింది. 1619లో ఆ సముద్ర మార్గాన్ని మరణశిక్ష బెదిరింపుతో మూసేసింది. సొంత వర్తకులు నష్టపోయినా ఫరవాలేదనుకుంది. మంగజేయా క్రమంగా వాడిపోయి 1672లో పాడుబడింది.

తోళ్లు ఇచ్చినవాళ్లు

ఒకప్పుడు మన ఊళ్లలో విశాలాంధ్ర దుకాణాల్లో ప్రగతి, రాదుగ ప్రచురణల పుస్తకాలు చవగ్గా దొరికేవి. రష్యా అంటే మనలో చాలామందికి ఆ పుస్తకాలే. వాటిలో సైబీరియా అంటే జారు ఖైదీలను పంపే చోటు, లేదంటే కొత్త ఫ్యాక్టరీలు లేచే చోటు. అక్కడ అంతకు ముందే ఉన్న జనం కథలో పక్క పాత్రలుగా కనపడేవారు. 17వ శతాబ్దం మొదట్లో వాళ్లు సుమారు రెండు లక్షల మంది ఉంటారని అంచనా. రెయిన్‌డీర్ మేపే నేనెత్స్‌లు, అడవి వేటగాళ్లు ఎవెంకీలు, చేపలు పట్టే ఖాంతీలు, బైకాల్ సరస్సు పక్క గుర్రాలు మేపే బుర్యాత్‌లు, లేనా లోయలో ఆ చలిలోనే పశువులు పెంచుకునే యాకూత్‌లు. తమను తాము సఖా అని పిలుచుకుంటారు వీళ్లు.

కొసాక్కులు వచ్చి పెద్దల చేత ప్రమాణం చేయించుకునేవారు. ఆ తర్వాత ప్రతి మగమనిషీ ఏటా ఇన్ని సేబుల్ తోళ్లు కప్పం కట్టాలి. పూచీగా పెద్దల కొడుకుల్నో తమ్ముళ్లనో కోటలో బందీలుగా ఉంచుకునేవారు. కప్పం తెచ్చినప్పుడు బందీని చూపిస్తారు. తేకపోతే బందీకి ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. బదులుగా పూసలు, ఇనప గిన్నెలు, కత్తులు ఇచ్చేవారు. గిన్నెలో పట్టినన్ని సేబుల్ తోళ్లే దాని ధర అని చెప్పుకునేవారు.

స్థానికులతో దయగా ఉండండి, కొట్టి చంపకండి అని మాస్కో పదే పదే ఆజ్ఞలు పంపింది. ఆ దయకు కారణం దాచుకోలేదు. చచ్చినవాడు కప్పం కట్టడు. ఇంతకన్నా చిత్రం బాప్తిస్మం సంగతి. బాప్తిస్మం పుచ్చుకున్నవాడు కప్పం కట్టనక్కర్లేదని నియమం ఉండేది. దాంతో 17వ శతాబ్దమంతా క్రైస్తవ జారు తన కొత్త ప్రజలను క్రైస్తవులను చేయడానికి ఏమాత్రం తొందరపడలేదు. యేసు కన్నా సేబుల్ ముందు వచ్చింది.

ఆజ్ఞలు కాగితం మీద ఉన్నాయి. 1642లో యాకూత్‌స్క్ గవర్నరు ప్యోత్ర్ గొలొవిన్ పశువుల లెక్క రాయించబోతే, ఇంకెంత కప్పం పెడతారోనని యాకూత్‌లు తిరగబడ్డారు. పెద్దలను ఉరితీసి అణచివేశాడు. బుర్యాత్‌లు అంగారా లోయలో పదుల ఏళ్లు ఎదురు నిలిచారు. కత్తి కన్నా మశూచి ఎక్కువ చంపింది. 1630లో పడమటి సైబీరియాలోనూ, 1650ల మొదట్లో లేనా వైపూ వచ్చి కొన్ని తెగల్లో సగం మందిని, ఇంకా ఎక్కువ మందిని కూడా తుడిచిపెట్టింది. మనుషులు తగ్గినా పాత చిట్టాల్లో కప్పం లెక్క అలాగే ఉండేది. చనిపోయినవాళ్ల వాటా బతికున్నవాళ్లు కట్టేవారు. శతాబ్దం చివరికి సైబీరియాలో స్థానికుల కన్నా రష్యన్ల సంఖ్య మించిపోయింది.

ఆమూర్ ఒడ్డున గోడ

ఇంత వరకూ కొసాక్కులకు ఎదురైనవాళ్ల దగ్గర ఫిరంగులు లేవు. ఆమూర్ నది దగ్గర ఆ పరిస్థితి మారింది. యాకూత్‌స్క్‌లో ధాన్యం పండదు. దక్షిణాన ఒక పెద్ద నది ఉంది, దాని ఒడ్డున దావూర్‌లనే జనం ధాన్యం పండిస్తారన్న మాట విని 1643లో వసీలీ పొయార్కోవ్ బయల్దేరాడు. అతని మనుషులు ఆకలికి మనిషి మాంసం తిన్నారన్న కథలు ఆ లోయలో ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. 1649 నుంచి యెరొఫేయ్ ఖబారోవ్ చేసిన దాడులు ఇంకా ఘోరం. ఊళ్లు కాల్చాడు, ఆడవాళ్లను పంచుకున్నాడు. దావూర్‌లు తమ ఏలికలైన మంచూలకు మొరపెట్టుకున్నారు.

1644లో బీజింగ్‌ను పట్టుకున్న మంచూలకు అప్పటికి దక్షిణ చైనాను లొంగదీసుకునే పని మిగిలి ఉంది. ఆ పని పూర్తయ్యాక కాంగ్‌షీ చక్రవర్తి ఉత్తరానికి తిరిగాడు. 1685లో అతని సేన ఫిరంగులతో వచ్చి ఆమూర్ ఒడ్డున రష్యన్లు కట్టుకున్న అల్బజీన్ కోటను కూల్చింది. లొంగినవాళ్లలో కొందరిని బీజింగ్ తీసుకెళ్లి తన సైన్యంలోనే చేర్చుకుంది. వాళ్ల సంతతి అక్కడ చర్చి కట్టుకుని తరతరాలు ఉన్నారు. మిగిలిన రష్యన్లు తిరిగొచ్చి కోట మళ్లీ కట్టారు. 1686లో రెండో ముట్టడి. ఎనిమిది వందల పైచిలుకు మందిలో ముట్టడి ఎత్తేసేటప్పటికి వంద మంది కూడా మిగల్లేదు. ఎక్కువమందిని చంపింది రోగాలు.

1689 ఆగస్టులో నెర్చిన్‌స్క్ దగ్గర రెండు పక్షాలూ కూర్చున్నాయి. రష్యా తరఫున ఫ్యోదోర్ గొలొవిన్, చైనా తరఫున సొంగోతు. ఒకరి భాష ఒకరికి రాదు. బీజింగ్ నుంచి వచ్చిన జెసూట్ పాదిరీలు జెర్బియోన్, పెరైరా మధ్యవర్తులు. ఒప్పందపు అధికార ప్రతి లాటిన్‌లో రాశారు. రష్యా ఆమూర్ వదులుకుంది, అల్బజీన్‌ను తన చేతులతోనే కూల్చింది. బదులుగా చైనాతో వ్యాపారం చేసుకునే హక్కు దొరికింది. రెండేళ్ల కిందటే ఔరంగజేబు గోల్కొండను మింగేశాడు. ఆసియా అంతటా పెద్ద రాజ్యాలు చిన్నవాటి మధ్య ఖాళీలను పూడ్చేస్తున్న కాలం అది.

కొందరు చరిత్రకారులు నెర్చిన్‌స్క్‌ను రష్యా ఓటమిగా రాస్తారు. నాకది లాభసాటి బేరం అనిపిస్తుంది. ఆమూర్ పోయినా బైకాల్ నుంచి ఒహోత్‌స్క్ దాకా మిగతా అంతటి మీద హక్కును అంత పెద్ద రాజ్యం కాగితం మీద ఒప్పుకున్నట్టయింది. తోళ్లకు కొత్త అంగడి దొరికింది. తర్వాత 1727లో క్యాఖ్తా ఒప్పందంతో ఒంటెల మీద తేయాకు రాక కూడా పెరిగింది. ఆమూర్ కోసం రష్యా 170 ఏళ్లు ఆగింది. చైనా నల్లమందు యుద్ధాల్లో చితికిపోయిన 1858, 1860ల్లో ఒక్క పెద్ద యుద్ధం చేయకుండా వెనక్కి తీసుకుని, వ్లదివొస్తోక్ కట్టింది.

1689లోనే మాస్కోలో పదిహేడేళ్ల పీటర్ తన అక్క సోఫియాను పక్కకు తోసి అధికారం పట్టాడు. అతను స్వీడన్‌తో తలపడినప్పుడు, సెయింట్ పీటర్స్‌బర్గ్ కట్టినప్పుడు యూరప్ చూసింది కొత్త సైన్యాన్నీ కొత్త రాజధానినీ. వాటి వెనక ఒక ఖండమంత భూమి ఉంది. ఈనాటి రష్యా విస్తీర్ణంలో ముప్పాతిక వంతు ఉరల్ అవతలే. 1941లో హిట్లర్ సేనలు మాస్కో దాకా వచ్చినప్పుడు ఫ్యాక్టరీలను రైళ్లకెక్కించి పంపింది అటే. 1965లో సమొత్లోర్ దగ్గర చమురు దొరికింది ఖాంతీల వేట భూముల్లో. తోళ్ల తర్వాత వెండి, బంగారం, ఆ తర్వాత చమురు, గ్యాసు. సరుకు మారింది గాని అక్కడ తీసి ఇక్కడ అమ్మే పద్ధతి మారలేదు.

ఇంగ్లీషు కంపెనీకీ స్త్రోగనోవ్‌లకూ మొదలు ఒకటే అయినా చివర వేరు. మన దగ్గరికి వచ్చినవాళ్లు సముద్రం దాటి వచ్చారు, 1947లో ఓడలెక్కి పోయారు. వాళ్లకు ఇల్లు వేరే ఉంది. సైబీరియా మధ్య సముద్రం లేదు. ఎక్కడ దేశం ఆగి ఎక్కడ వలస మొదలవుతుందో చూపించే గీత లేదు. అందుకే దాన్ని ఎవరూ వలస అనరు, రష్యా అంటారు. ఆ గీత లేకపోవడమే రష్యాను ఇంత పెద్ద శక్తిగా నిలబెట్టిందని నా నమ్మకం. దాని ఖర్చు ఎవరు భరించారన్నది యాకూత్‌లకూ ఖాంతీలకూ తెలుసు.

వచ్చే భాగంలో నేల అయిపోతుంది, సముద్రం మొదలవుతుంది. 1697లో అత్లాసొవ్ కమ్‌చాత్కాలో అడుగుపెట్టడం, 1741లో బేరింగ్ ఓడ అలాస్కా తీరం చేరడం, సేబుల్ వంతు అయిపోయాక సముద్రపు ఓటర్ వంతు రావడం చూద్దాం. 1747లో రష్యన్ సేనాని పావ్లూత్‌స్కీని చంపి ఒక సామ్రాజ్యాన్నే వెనక్కి పంపిన చుక్చీల కథ కూడా అందులోనే. అంత కష్టపడి గెలిచిన అలాస్కాను రష్యా 1867లో అమెరికాకు 72 లక్షల డాలర్లకు ఎందుకు అమ్మేసిందో కూడా అప్పుడే చెప్పుకుందాం.